బస్టాపులో ఫోన్లు లెక్కపెడుతున్నాను, లెక్క కుదరడం లేదు

వెనక బెంచీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. విశాఖలో బీఏ సైకాలజీ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో ఒక పరిశీలన ప్రాజెక్టు చేయాలి. ఎవరినీ ఏమీ అడగకూడదు, ఫారాలు పంచకూడదు, చూసి రాయడమే. నేనూ, నా క్లాస్‌మేట్ ఒకమ్మాయీ కలిసి తీసుకున్న టాపిక్: బస్టాపులో ఆడవాళ్లు, మగవాళ్లు ఫోన్ వాడటంలో తేడా ఉందా?

మొన్న సోమవారం ఉదయం ఎనిమిదింపావుకి మద్దిలపాలెం స్టాపులో లాంగ్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో గీత కొట్టి ఒక పక్క ఆడ, ఒక పక్క మగ అని రాసుకున్నాను. చేతిలో ఫోన్ కనపడితే ఒక గీత. అరగంటలో ఆడవాళ్లు 41, మగవాళ్లు 29. ప్రాజెక్టు అయిపోయిందనుకున్నాను, నిజం చెప్పాలంటే టీ కూడా తాగేశాను.

మధ్యాహ్నం మా క్లాస్‌మేట్ పుస్తకం చూసి ఒకటే అడిగింది: "స్టాపులో మొత్తం ఆడవాళ్లు ఎంతమంది?" నేను లెక్కపెట్టలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు మొదలైంది కదా, ఆ టైముకి మా స్టాపులో నా కంటికి ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఆడవాళ్లు వందమంది ఉండి అందులో 41, మగవాళ్లు యాభైమంది ఉండి అందులో 29 అయితే మాట తిరగబడిపోతుంది: 41 శాతం, 58 శాతం. నేను లెక్కపెట్టింది ఫోన్లని కాదు, జనాన్ని అన్నమాట.

ఇంకో సంగతి. మా పిన్ని వయసు ఆవిడ ఒకరు దగ్గరికొచ్చి, "ఏం బాబూ, అందర్నీ చూసి చూసి ఏం రాస్తున్నావు?" అన్నారు. కాలేజీ ప్రాజెక్టండీ అన్నాను. "మా మీదా?" అన్నారు. ఏం చెప్పాలో తెలీక, ఎదురుగా ఆగిన బస్సు ఎటు పోతుందో కూడా చూడకుండా ఎక్కేసి తర్వాతి స్టాపులో దిగాను. పన్నెండు రూపాయలు దండగ.

అసలు 'వాడటం' అంటే ఏం రాసుకోవాలి? ఎవరిని ఎంచుకోవాలి? నన్ను ఎవరూ అనుమానించకుండా ఎలా చేయాలి?

చాక్‌పీస్ జవాబు:

బాబూ, డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా ఈ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. నువ్వు చేసిన తప్పు ప్రతి బ్యాచ్‌లోనూ సగంమంది చేసేదే. టీ మాత్రం అందరూ తాగరు.

ముందు నిర్వచనం కాగితం మీద పెట్టు, స్టాపుకి వెళ్లకముందే. 'స్క్రీన్ వైపు చూస్తున్నారు, లేదా వేలితో తాకుతున్నారు, లేదా చెవి దగ్గర పెట్టుకున్నారు' అంటే వాడుతున్నట్టు. ఊరికే చేతిలో పట్టుకోవడం వేరే గడి. ఇది కలిపేశావో, మిగతాదంతా వృథా.

ఎంపిక నీ కళ్లకి వదలకు. కళ్లు ఫోన్ ఉన్నవాళ్ల మీదకే పోతాయి. కరెంటు స్తంభం లాంటి గుర్తు ఒకటి పెట్టుకుని, అది దాటి స్టాపులోకి వచ్చిన ప్రతి మూడో మనిషినీ తీసుకో. ఆగిన నిమిషం తర్వాత పది సెకన్లు చూడు, గడి నింపు, మళ్లీ ఆ మనిషి జోలికి పోకు. జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ 1974లో జంతువుల పరిశీలన పద్ధతుల మీద ఒక వ్యాసం రాశారు. కంటికి ఇంపైన ప్రవర్తననే రాసుకుంటూ పోతే ఎలా మోసపోతామో అందులో ఉంది. ఆవిడ చూసింది బబూన్లని. మద్దిలపాలేనికీ అదే వర్తిస్తుంది.

ఒంటరిగా ఉన్నారా, పక్కన ఎవరైనా ఉన్నారా అన్న గడి తప్పనిసరి. చంకలో పిల్లాడో, రెండు చేతుల్లో సంచులో ఉంటే అదీ రాయి. లేకపోతే సంచుల ప్రభావాన్ని ఆడ, మగ తేడా అని రాసేస్తావు.

బస్టాపు నలుగురూ చూసే చోటు కాబట్టి పరిశీలన వరకు పర్వాలేదు. కానీ ఫొటో తీయకు, స్క్రీన్ మీద ఏముందో చదవకు, మాటలు వినకు, పేరూ ఊరూ రాయకు. యూనిఫాం పిల్లల్ని వదిలెయ్. మీ గైడ్ సంతకం ఉన్న కాగితం జేబులో పెట్టుకో, ఎవరైనా అడిగితే పారిపోకుండా చూపించు. ఇంకో మాట: నీకు కనపడేది మనిషి రూపం, వాళ్ల జెండర్ కాదు. 'పరిశీలకుడికి అనిపించిన ప్రకారం' అని రిపోర్టులో రాయి.

రోజూ గాజువాక జవాబు:

తమ్ముడూ, నేను సైకాలజీ చదవలేదు, కానీ నువ్వు లెక్కపెట్టే జనంలో నేనూ ఒకదాన్ని. అందుకని చెప్తున్నా.

నా చుడీదార్లు ఎనిమిదింటిలో జేబు ఉన్నది ఒక్కటి. అందులోనూ ఫోన్ సగం బయటికే ఉంటుంది. బ్యాగులో పెడితే జిప్పు తీసి, లంచ్ బాక్సు కింద వెతికి తీసేలోపు రింగు ఆగిపోతుంది. అందుకని చేతిలోనే పట్టుకుంటా. మా ఆయన ఫోన్ ప్యాంటు జేబులో వేసుకుని చేతులూపుకుంటూ వస్తారు. మీ పుస్తకంలో నేను ఫోన్ పిచ్చిదాన్ని, ఆయన బుద్ధిమంతుడు. ఇంట్లో చూడాలి ఆయన్ని.

రెండోది. చీకటిపడ్డాక స్టాపులో ఒక్కదాన్నే ఉంటే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఆఁ అన్నయ్యా, దగ్గర్లోనే ఉన్నావా, సరే రా" అంటా. అవతల ఎవరూ ఉండరు. నాకసలు అన్నయ్యే లేడు. ఉదయంపూట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటా, అందులో పాట ఉండదు, పక్కవాళ్లు మాట కలపకుండా. ఇవి ఏ గడిలో రాస్తావు?

కూడికలు తీసివేతలు జవాబు:

పై ఇద్దరూ చెప్పాక నాకు మిగిలింది లెక్కే. ఇద్దరూ ఒకే సమయంలో, ఒకే మనుషుల్ని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా నింపండి. తర్వాత కప్పా కట్టండి, ఇద్దరు రాసినవి ఎంతవరకు కలిశాయో చెప్పడానికి 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కొలత. ఉత్త శాతం చూసి మురిసిపోవద్దు, గుడ్డిగా రాసినా కొంత కలుస్తుంది కదా. అసలు డేటాకి రెండు అడ్డం (ఆడ, మగ), రెండు నిలువు (వాడుతున్నారు, లేదు) గడులతో కై స్క్వేర్ అనే పరీక్ష చాలు, విలువ 3.84 దాటితే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్టు, అంటే అసలు తేడా లేకపోయినా అనుకోకుండా ఇంత తేడా వచ్చే అవకాశం 5 శాతం లోపే. ఆడ, మగ తేడా ఏమీ లేదనుకుంటే ప్రతి గడిలోనూ రావలసిన సంఖ్య కనీసం 5 ఉండేలా చూసుకోండి. కలిసి నిలబడ్డ నలుగురు ఫ్రెండ్స్‌లో ఒక్కరినే తీసుకోండి. ఒకళ్లు ఫోన్ తీస్తే నలుగురూ తీస్తారు.

వెనక బెంచీ:

మేడమ్, అక్కా, సార్, చాలా థాంక్స్. గురువారం ట్రయల్ వేశాం. స్తంభం, ప్రతి మూడో మనిషి, పది సెకన్లు, 40 మంది.

ఇద్దరం 'వాడుతున్నారు' అన్నవి 18, ఇద్దరం 'లేదు' అన్నవి 14. తను అవును, నేను కాదు అన్నవి 6. నేను అవును, తను కాదు అన్నవి 2. అంటే 80 శాతం కలిసింది. గుడ్డిగా రాసినా 50 శాతం కలిసేదట, అది తీసేస్తే మిగిలిన 50లో 30 కలిసింది, కాబట్టి కప్పా 0.6.

ఆ ఎనిమిదీ ఏవో విడిగా చూస్తే సిగ్గేసింది. ఏడు ఆడవాళ్లవే. నిర్వచనం తేడా కాదు. నేను పది సెకన్లు చూడటం లేదు. అమ్మాయి అనగానే రెండు సెకన్లు చూసి తల తిప్పేసి 'లేదు' అని రాస్తున్నాను, ఆ పిన్నిగారు అడిగిన దగ్గర్నుంచి. ఇలాగే ఇద్దరం చెరోచోట పంచుకుని చేసుంటే, నా భయం ఆడవాళ్ల అలవాటుగా రిపోర్టులోకి ఎక్కేది.

చాక్‌పీస్:

ఈ పేరా రిపోర్టులో పెట్టు. కొట్టేయకు. స్తంభం నుంచి ఇంకాస్త వెనక్కి, టీ బండి దగ్గరికి జరగండి. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, మాట్లాడుకుంటున్నట్టు ఉండి చూడండి. గాజువాక అమ్మాయి చెప్పిన ఉత్తుత్తి ఫోన్ బయటి నుంచి తెలీదు కాబట్టి అదీ 'వాడుతున్నారు'లోకే. ఎందుకు వాడుతున్నారో మీ ప్రాజెక్టు వల్ల తెలీదు, తెలిసినట్టు రాయొద్దు.

వెనక బెంచీ:

అలాగే మేడమ్. చివరిగా ఒక్క డౌట్. ఇవాళ ఆ పిన్నిగారు మళ్లీ కనిపించారు. ఈసారి పారిపోలేదు, గైడ్ కాగితం చూపించి అంతా చెప్పాను. శ్రద్ధగా విని, "నాకసలు ఫోనే లేదు నాయనా, ఇంట్లో అందరికీ ఒకటే, అది మా అబ్బాయి పట్టుకుపోతాడు. నన్నెక్కడ రాస్తావు?" అన్నారు. 'వాడటం లేదు' అని రాస్తే తప్పు కదా?

చాక్‌పీస్:

నువ్వు మాట్లాడేశావు కాబట్టి ఆవిడ మీ లెక్కలోకి రారు. అయితే ఆవిడ లాంటివాళ్లు ఉంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019-21లో, దేశం మొత్తం మీద తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 53.9 శాతం. దాని ముందు విడతలో 45.9. ఫోన్ తీయనివాళ్లూ, ఫోన్ లేనివాళ్లూ స్టాపులో ఒకేలా కనిపిస్తారు. గడి పేరు మార్చు: 'వాడటం లేదు' కాదు, 'వాడుతూ కనపడలేదు'.