బెంగళూరు మురుగునీళ్లు కోలారు చెరువులకు: మంచిదా, ముప్పా?

కుప్పంవాసి: కర్ణాటకలోని కేసీ వ్యాలీ (కోరమంగళ-చల్లఘట్ట లోయ) పథకం గురించి తెలిసినవాళ్లు చెప్పండి. బెంగళూరు మురుగును రెండో దశ వరకు శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్లు కోలారు చెరువుల్లో నింపాలని 2018లో మొదలుపెట్టారు కదా. రేపు మా చెరువులకూ ఇస్తామంటే ఏమనాలి?

టమాటారైతు: తెచ్చుకోండన్నా. మాది కోలారు జిల్లా నర్సాపుర పక్క పల్లె. అంతకుముందు మూడు బోర్లు వేసినాం. మూడోది 1,300 అడుగులు. పొద్దుగూకేదాకా తెల్ల దుమ్ము లేచింది, అంతే. అప్పుకు వడ్డీ మాత్రం పడింది. ఊళ్లో నీళ్లు పడిన బోర్లలో ఫ్లోరైడు. ఇప్పుడు చెరువు కట్ట కింద మా తాత తవ్వించిన బావిలో నీళ్లున్నాయి. మూడో మెట్టు మీద కూర్చుంటే కాళ్లు తడుస్తాయి. ఇరవై ఏండ్లు పిల్లలు అందులో రాళ్లు వేసి ఆడుకున్నారు. చెరువులో మోటారు పెట్టకూడదు, భూమిలో ఇంకినవే తోడుకోవాలన్నది రూలు.

నీటిచుక్క: 2018 జులైలో లక్ష్మీసాగర చెరువులో తెల్లగా నురుగు లేచింది మరిచిపోయారా? హైకోర్టు పంపింగ్ ఆపించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ కొన్నాళ్లు ఆపింది. నీళ్లు వద్దని ఎవరన్నారు? మూడో దశ శుద్ధి కూడా చేసి పంపమంటున్నాం. రెండో దశతో సరిపెడితే నత్రజని, భాస్వరం చాలావరకు అలాగే వస్తాయి. చెరువునిండా గుర్రపుడెక్క అందుకే.

ప్రవాసి: ఇజ్రాయెల్‌లో మురుగును శుద్ధి చేసి దాదాపు 90 శాతం పొలాలకే పంపుతారు. మనకే ఎందుకింత భయం?

నీటిచుక్క: ఆ పోలిక చెప్పేముందు కింద నేల చూడాలండీ. టెల్ అవీవ్ దగ్గర షాఫ్దాన్ అనే కేంద్రంలో శుద్ధి చేసిన నీళ్లను ఇసుక నేలలో ఇంకించి, మళ్లీ తోడి, వేరే పైపుల్లో నెగెవ్ ఎడారి పొలాలకు పంపుతారు. ఇసుక మెల్లగా వడకడుతుంది. కోలారు కింద ఉన్నది బండ. పగులు దొరికిందా, నీళ్లు జారిపోతాయి. ఆ పగులే పక్క ఊరి తాగునీటి బోరుకు పోతే? అంత చేసే ఇజ్రాయెల్‌లోనే, ఆ నీటితో పండిన కూరగాయలు తిన్నవాళ్ల మూత్రంలో మూర్ఛ మందు ఆనవాళ్లు కనబడ్డాయి. కొద్ది మోతాదే, నిజమే. కానీ వాళ్లు పరీక్ష చేశారు కాబట్టి తెలిసింది.

కుప్పంవాసి: అన్నా టమాటారైతూ, ఆ బావి నీళ్లు మీరు తాగుతారా?

టమాటారైతు: లేదన్నా. తాగేదానికి క్యాన్ నీళ్లే. ఇంకోటి, దాచేదేముంది, రాత్రిపూట చెరువులోకే మోటారు దించేవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. ఆ నీళ్లలోనే ఎరువు కలిసొస్తుందని యూరియా తగ్గించినారు కూడా. అయినా నీళ్లు ఆపితే మేం మళ్లీ బోరు లారీ వెనకాల తిరగాల్సిందే. మూడో దశ ఖర్చు బెంగళూరోళ్లు పెట్టుకోవాలి, మురుగు వాళ్లది కదా. మాయమ్మ ఆ బావి కింద పండిన కొత్తిమీర ఇంట్లో కూరకు తుంచదు. కట్టలు కట్టి బెంగళూరు బండికే ఎక్కిస్తుంది.