అప్‌డేట్: మోటార్‌హోమ్ జనరేటర్ మళ్లీ తిరుగుతోంది

రెండు వారాల క్రితం అడిగాను కదా, టెక్సస్‌లో కొన్న మా పాత మోటార్‌హోమ్‌లో (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) పెట్రోల్ జనరేటర్ స్టార్టయి రెండు నిమిషాల్లో ఆగిపోతోందని. దొంగ దొరికాడు. ఫ్యూయల్ పంపే.

ముందు బండి ట్యాంకు చూడమన్నారు మీలో కొందరు, జనరేటర్‌కీ పెట్రోల్ అందులోంచే కదా. జనరేటర్ గొట్టం ట్యాంకు అడుగుదాకా ఉండదట, దాదాపు పావు ట్యాంకు దగ్గరే గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ఉన్నదంతా జనరేటరే తాగేసి మనల్ని దారిలో వదిలేయకుండా ఆ ఏర్పాటు. మాది సగానికి పైనే ఉంది.

ఇంజిన్ చల్లారాక, కార్బ్యురేటర్‌కి (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కిచ్చే భాగం) వెళ్లే గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి, ఇంజిన్ తిరక్కుండా పంపు ఒక్కటే నడిపే ప్రైమ్ స్విచ్ నొక్కి పట్టుకున్నాను. పంపు టిక్‌టిక్‌మంటోంది, మీటరు 12.4 వోల్టులు చూపిస్తోంది, అంటే కరెంటు అందుతోంది, సీసాలోకి మాత్రం చుక్కచుక్కే. శబ్దం వస్తోంది కాబట్టి పంపు బాగుందనుకుని ఇన్నాళ్లూ మోసపోయాను. ట్యాంకు వైపు గొట్టాన్ని పెట్రోల్ డబ్బాలో ముంచినా అంతే. అంటే లైను తప్పు కాదు.

కారు పంపు చవగ్గా వస్తోంది, బిగించేద్దామనుకున్నాను. ప్రెషర్ ఎక్కువైతే కార్బ్యురేటర్ పొంగుతుందని మీలో ఒకాయన ఆపారు. ఆయనకో దణ్ణం. ఆ మోడల్‌కి సరిపడే పంపే తెప్పించాను.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, గొట్టాలకు క్లాంపు పెట్టి, రెండు బోల్టులు విప్పితే పంపు చేతిలోకి వచ్చింది. రబ్బరు గొట్టం వంచితే చాలు, పగుళ్లు. అదీ, ఫిల్టరూ మార్చేశాను. నిన్న ఏసీ వేసి మూడు గంటలు నడిపాం, లీకు లేదు. మా ఆవిడ మాత్రం మెకానిక్‌కి ఇస్తే ఒక్క పూట పనంటోంది.