విల్ పెట్టినా తప్పే, గోయింగ్ టు పెట్టినా తప్పే!

నిద్రలేని పక్షి:
మూడు గంటలుగా ఒకే ఇంగ్లిష్ గ్రామర్ ప్రాక్టీస్ పేపరుతో కుస్తీ పడుతున్నా. 4కి విల్ పెడితే తప్పంది. ఓహో అని 7కి గోయింగ్ టు పెడితే అదీ తప్పే. రెండూ రేపటి మాటే కదా!
4. ఇట్ ___ రెయిన్.
7. ఐ ___ గెట్ ఇట్.
ఎల్లుండే పరీక్ష. చెప్పండి బాబూ.

కంచుకాగడా:
ముందు వాక్యాలేవి?

సూత్రాల శర్మ:
అసలు ఇంగ్లిష్‌లో ఫ్యూచర్ టెన్సే లేదండీ. భూతకాలానికి క్రియ చివర ఈడీ (-ed) ఉన్నట్టు భవిష్యత్తుకి ప్రత్యయం చూపించండి! విల్ అన్నది కెన్, మస్ట్‌ల లాంటి మోడల్ (modal), అంటే అసలు క్రియకు తోడొచ్చే సహాయక క్రియ. 'హి విల్ బి ఎట్ హోమ్ బై నౌ' అంటే ఈపాటికి ఇంట్లో ఉండుంటాడని. అందులో రేపు ఎక్కడుంది? మన బళ్లలో షల్, విల్ పట్టిక బట్టీ పట్టించి వదిలేస్తారు.

కంచుకాగడా:
ఎల్లుండి పరీక్ష అన్నారు సార్.

నిద్రలేని పక్షి:
4కి ముందు 'లుక్ ఎట్ దోజ్ బ్లాక్ క్లౌడ్స్!' అని ఉంది. 7కి ముందు 'ద ఫోన్ ఈజ్ రింగింగ్'. అవి ఊరికే ఇచ్చారనుకున్నా.

గోదారి గట్టు:
జవాబు వాటిలోనే ఉందండీ. మబ్బు కళ్ల ముందుంటే మనం 'వాన పడేలా ఉంది' అంటాం. అలా ఆనవాలు కనిపిస్తుంటే ఈజ్ గోయింగ్ టు. ఈజ్ మర్చిపోతే అదీ తప్పే, మనవాళ్లు ఎక్కువగా మింగేసేది దాన్నే. ఫోన్ మోగగానే 'ఉండు, నేను తీస్తా' అంటాం చూడండి, అప్పటికప్పుడు అనుకున్నది కాబట్టి విల్. నిన్ననే అనుకుని ఉంటే గోయింగ్ టు. డాక్టరు టైమిచ్చేశాడా, 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ ఎట్ ఫైవ్'. రైలు టైముకైతే ఉత్త 'లీవ్స్' చాలు. ఐ థింక్, ప్రాబబ్లీ కనిపిస్తే పరీక్షల్లో మామూలుగా విల్ అడుగుతారు.
చిక్కంతా మన 'తాగుతా'తో. రోజూ తాగుతా, రేపు తాగుతా, రెంటికీ ఒకే రూపం. అందుకే 'డైలీ ఐ విల్ డ్రింక్ కాఫీ' అనేస్తాం.

సూత్రాల శర్మ:
ఆ రూపాన్ని తెలుగు వ్యాకరణంలో తద్ధర్మం (అలవాటును చెప్పే క్రియారూపం) అనాలి.

గోదారి గట్టు:
అలవాటు చెప్పినప్పుడు అనండి మాస్టారూ. 'రేపు తాగుతా' తద్ధర్మం ఎలా అవుతుంది?

సూత్రాల శర్మ:
రూపం వేరు, అర్థం వేరు. నేను రూపం గురించి చెబుతున్నా.

పెన్ను క్యాపు:
ఇంకోటి. 'వస్తే' అనడానికి 'ఇఫ్ హి విల్ కమ్' రాయకండి, 'ఇఫ్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్'. 'అప్పుడు' అని కాలం చెప్పే వెన్, అంటిల్, బిఫోర్, యాజ్ సూన్ యాజ్ తర్వాత కూడా విల్ రాదు.

సూత్రాల శర్మ:
'ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్' మాత్రం ఒప్పే. అక్కడ ఇఫ్ అంటే 'వస్తాడో రాడో'.

పెన్ను క్యాపు:
అది వెదర్ (whether) అర్థం. నేను షరతు సంగతి చెప్పా.

నిద్రలేని పక్షి:
4, 7 వచ్చేశాయి, థాంక్సండీ. 11లో 'బై నెక్స్ట్ మార్చ్' అని ఉంది, విల్ పెడితే మళ్లీ ఎర్రగీత.

కంచుకాగడా:
విల్ హ్యావ్ అయ్యుంటుంది. వాక్యం మొత్తం పెట్టండి.