వెల్డింగ్ షాపు వాళ్లకి హోమ్ లోన్ ఎలగ వస్తాది?

సిక్కోలు వెల్డింగ్:
అందరికీ నమస్తే. శ్రీకాకుళంలో 9 ఏళ్లుగా గ్రిల్స్, గేట్లు, రేకుల షెడ్ల పని చేస్తన్నాను, నెలకి లక్షన్నర దాకా పని జరుగుతాది, ఐరన్‌కీ కుర్రాళ్ల కూలీకీ కరెంటుకీ పోను 50 వేలు మిగుల్తాయి. అరసవల్లి వైపు 150 గజాల సైటుంది, ఇల్లు కట్టుకోడానికి 25 లక్షలు అడిగితే బ్యాంకోళ్లు 7 లక్షలు దాటదన్నారు. ఒక్క ఈఎంఐ కూడా ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, సిబిల్ (అప్పులు సరిగ్గా కడతన్నామో లేదో చెప్పే స్కోరు) 770 ఉంది, మరి ఎందుకిలగ అన్నారో అర్థం కావట్లేదు.

విజయనగరం అకౌంట్స్:
తమ్ముడూ, ఐటీఆర్‌లో (ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో) ఆదాయం ఎంత చూపిస్తన్నారు?

సిక్కోలు వెల్డింగ్:
టాక్స్ కన్సల్టెంట్ ఏడాదిలో జరిగిన పని మీద 8 శాతం లెక్కన వేస్తాడండి, ఏడాదికి 1,44,000.

విజయనగరం అకౌంట్స్:
అదే కారణం. బ్యాంకు మీ షాపు చూడదు, కాగితం చూస్తాది. నెలకి 12 వేల ఆదాయం అంటే అందులో సగం, 6 వేలు ఈఎంఐ కట్టగలరని లెక్కేస్తారు, ఎనిమిదిన్నర వడ్డీకి 20 ఏళ్లకి అది 7 లక్షల లోపే. 25 లక్షలకి ఈఎంఐ దాదాపు 21,700 అవుతాది. 44ఏడీలో (చిన్న వ్యాపారాలకి అంచనా లెక్కన ఆదాయం చూపించే టాక్స్ సెక్షన్) 8 శాతం అనేది కనీసం మాత్రమే, ఎక్కువ మిగిల్తే మిగిలిందే చూపించాలి. మీకు నిజంగా 6 లక్షలు మిగుల్తుంటే అదే చూపండి, 2025-26 సంపాదనకి కొత్త టాక్స్ రెజీమ్‌లో 12 లక్షల దాకా రిబేట్ (టాక్స్ మాఫీ) ఉంది కాబట్టి టాక్స్ పడదు. ఇన్నేళ్లూ టాక్స్ భయంతో తగ్గించి చూపించి మనవాళ్లు ఎంత నష్టపోతన్నారో చూస్తే బాధేస్తాది. పాత ఏళ్లవి సరిచేసి అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు గానీ అదనపు టాక్స్ పడొచ్చు, పైగా అన్నీ ఒకే వారంలో వేస్తే బ్యాంకోళ్లు అనుమానంగా చూస్తారు.

బొబ్బిలి మొబైల్స్:
నాదీ ఇదే కథ బ్రదర్. రెండేళ్లు ఆగాను, గల్లాపెట్టెలో డబ్బులు ఇంటికి తీసుకెళ్లడం మానేసి రోజూ కరెంట్ అకౌంట్‌లో వేశాను, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్) తీసుకున్నాను, మా ఆవిడ టీచరు కాబట్టి కో-అప్లికెంట్‌గా (లోన్‌లో జాయింటుగా) పెట్టాం, దాంతో పని తేలికైంది. మధ్యలో ఒక ఫైనాన్స్ కంపెనీ వారంలో ఇస్తానంది గానీ వడ్డీ మూడు శాతం ఎక్కువ, తొందరపడకండి. మీరు కూడా ఫోన్‌పేలో వచ్చేదంతా షాపు అకౌంట్‌కే పెట్టించుకోండి.

పలాస నుంచి:
ముందు సైటు సంగతి చెప్పండి. అప్రూవ్డ్ లేఅవుటేనా, ఈసీ (సైటు మీద అప్పులూ అమ్మకాలూ చూపే కాగితం), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) ఉన్నాయా? ఆదాయం ఎంతున్నా బ్యాంకు లాయర్ కాగితాలు చూసే లీగల్‌లో ఆగిపోతే ప్లాన్ ఫీజులు, లాయర్ ఫీజులు పోతాయి.

సిక్కోలు వెల్డింగ్:
అప్రూవ్డేనండి, కాకపోతే రిజిస్ట్రేషన్ మా అమ్మ పేరు మీదుంది. అమ్మకి 63.

పలాస నుంచి:
అయితే అమ్మగారు కూడా లోన్‌లో సంతకం పెట్టాలి. కొన్ని చోట్ల ఆవిడ వయసు చూసి లోన్ కట్టే ఏళ్లు తగ్గిస్తారు, ఈఎంఐ పెరుగుతాది. మీ పేరు మీదకి గిఫ్ట్ డీడ్ రాయించుకుంటే ఎంతవుద్దో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లతో మాట్లాడాకే.

సిక్కోలు వెల్డింగ్:
చెల్లి ఉందండి, పండక్కి వస్తాది, అప్పుడు మాట్లాడతాను. ఈ లోపు కన్సల్టెంట్ దగ్గరికి రేపే వెళ్తాను.