యూపీఐకి ఛార్జీ లేదంటారు, మరి లాభం ఎవరికి పోతోంది?

తెనాలి కిరాణా:
మాది తెనాలిలో కిరాణా కొట్టు, నాన్నా నేనూ చూసుకుంటాం. ఇప్పుడు పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కి కూడా ఫోన్‌పే కొడుతున్నారు, సాయంత్రానికి గల్లాపెట్టెలో నోట్లు పెద్దగా ఉండట్లేదు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతోంది, కోత లేదు, కొనేవాళ్లకీ లేదు. అయినా కంపెనీలు మనుషుల్ని పంపి మరీ మా స్కానర్ పెట్టుకోండని అడుగుతున్నాయి, ఎవరూ ఊరికే తిరగరు కదా. 2016 నోట్ల రద్దు నుంచి ఇప్పటిదాకా ఈ మార్పుతో నిజంగా బాగుపడింది ఎవరు? కర్ణాటకలో 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చారని విన్నప్పటి నుంచి నాన్నకి ఒకటే టెన్షన్, స్కానర్ తీసేద్దాం అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత క్యాషియర్:
బాబూ, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర ఛార్జీ తీసుకోకూడదని కేంద్రం నిర్ణయించింది. కానీ సర్వర్లకీ సిబ్బందికీ ఖర్చవుతుంది, అది బ్యాంకుల మీద పడుతుంది, కొంత ప్రభుత్వం భరిస్తుంది. 2024-25కి అలా రూ.1,500 కోట్లు కేటాయించారు, చిన్న వ్యాపారులకు వచ్చే రూ.2,000 లోపు చెల్లింపుల మీద 0.15 శాతం చొప్పున. అంటే ఆ డబ్బు మన పన్నుల్లోంచే వెళ్తోంది. ఇక యాప్‌ల సంగతి. లావాదేవీల్లో దాదాపు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే రెండింటి ద్వారానే జరుగుతున్నాయి, ఫోన్‌పేలో అమెరికా కంపెనీ వాల్‌మార్ట్‌ది పెద్ద వాటా, రెండోది గూగుల్‌ది. ఏ యాప్ వాటా కూడా 30 శాతం దాటకూడదని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది, గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2026 చివరికి తెచ్చారు. వ్యవస్థను కట్టింది మన బ్యాంకులు, కస్టమర్లు మాత్రం యాప్‌ల చేతిలో ఉన్నారు, నాకు బాధ కలిగించేది ఇదే.

లెక్కల మనిషి:
పెద్దాయన చెప్పింది నిజం, ఇంకోటి కలుపుతాను. ఆ యాప్ కంపెనీలకు కావాల్సింది మీ కొట్టు లెక్క. రోజుకు ఎంత వస్తోంది, పండక్కి ఎంత పెరుగుతోంది అన్నీ కనిపిస్తాయి కాబట్టి దాన్ని చూసి లోన్ ఇస్తామంటారు, కిస్తీ రోజూ మీకొచ్చే డబ్బులోంచే కోసుకుంటారు, దుకాణం మూసిన రోజు కూడా బాకీ ఆగదు. సౌండ్ బాక్స్‌కి చాలా చోట్ల నెలనెలా అద్దె. రీఛార్జ్, ఇన్సూరెన్స్, బంగారం అన్నీ ఆ యాప్‌లోనే అమ్ముతారు. ఉచితంగా ఇచ్చింది దారి మాత్రమే, ఆ దారి పక్కన కొట్లన్నీ వాళ్లవే.

రైతుబజార్ అక్క:
మీరంతా కంపెనీల గురించే మాట్లాడుతున్నారు, నేను కూరగాయలమ్మే దాన్ని, నా సంగతీ వినండి. ఇంతకుముందు చిల్లర లేదని రోజూ గొడవ, ఐదూ పదీ వదిలేసుకునేదాన్ని. చిరిగిన నోట్లూ దొంగ నోట్లూ అంటగట్టేవాళ్లు. పొద్దున సరుకు కోసం రోజువారీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర వెయ్యి తీసుకుంటే చేతికి తొమ్మిది వందలే ఇచ్చి సాయంత్రం వెయ్యి కట్టించుకునేవాళ్లు. ఇప్పుడు నా ఖాతాలో డబ్బులు కదులుతున్నాయని బ్యాంకులో చిన్న లోన్ ఇచ్చారు, వడ్డీ ఏడాదికి లెక్క, రోజుకు కాదు. ఇంట్లో నా సంపాదన ఎవరూ జేబులోంచి తీసుకుపోలేరు కూడా. ఎవరికి లాభం అంటే నాకూ ఉందనే చెప్తాను తమ్ముడూ, స్కానర్ మాత్రం తీయొద్దు.

లెక్కల మనిషి:
అక్క మాటతో ఏకీభవిస్తున్నా, నేను చెప్పింది కూడా నిజమే, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. ఇప్పుడు జీఎస్టీ విషయం. స్కానర్ తీసేస్తే చట్టం మారదు, నగదు అమ్మకాలూ టర్నోవర్‌లో, అంటే ఏడాది మొత్తం అమ్మకాల్లో లెక్కే. ఆంధ్రలో సరుకులమ్మే వ్యాపారికి టర్నోవర్ ఏడాదికి రూ.40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీరు పన్ను పడే సరుకుతో పాటు పన్ను లేనివీ అమ్ముతారు కాబట్టి రెండూ కలిపే చూస్తారు. దాటితే రూ.1.5 కోట్ల వరకు కాంపోజిషన్ పథకం ఉంది, అందులో వ్యాపారికి పన్ను పడే అమ్మకాల మీద ఒక్క శాతమే పన్ను, కాకపోతే దాన్ని కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. అన్నిటికంటే ముందు చేయాల్సింది, కొట్టు స్కానర్‌కి వేరే ఖాతా పెట్టడం. బావమరిది పంపిన చేబదులు కూడా అమ్మకంలాగే కనిపిస్తే తర్వాత రుజువు చూపించడం నరకం.

తెనాలి కిరాణా:
చాలా థ్యాంక్స్ అందరికీ. మా ఇంట్లో ఒకే ఖాతా, చెల్లి ఫీజు డబ్బులూ అందులోనే పడతాయి, వెంటనే మారుస్తాం. ఒక్కటి మాత్రం అడగాలనుంది, అందరికీ అలవాటయ్యాక రేపు ఛార్జీ పెడితే?

పాత క్యాషియర్:
పెద్ద వ్యాపారుల మీద 0.3 శాతం పెట్టనివ్వమని పేమెంట్ కంపెనీల సంఘం 2025లో అడిగింది. ఆ జూన్‌లోనే ఆర్థిక శాఖ అలాంటి ఆలోచన లేదని ప్రకటించింది. ఎప్పుడు అడిగినా కంపెనీలకు మాట్లాడే సంఘం ఉంటోంది బాబూ, మీ ఊళ్లో కిరాణా వర్తకుల సంఘం ఉంటే ఈ విషయం అక్కడ పెట్టు, ఎంపీకి ఒక వినతిపత్రమైనా ఇప్పించు.