మదింపు స్కోర్లు వచ్చాయి, బలోపేతానికి నిధి కూడా వస్తోంది. ముందు దేన్ని సరిచేయాలి?

చిట్టాపుస్తకం:
పదకొండు మంది సిబ్బంది, ముగ్గురు దాతలు, నాలుగు ప్రాజెక్టులు ఉన్న స్వచ్ఛంద సంస్థ మాది. ఒక దాత సామర్థ్య మదింపు చేయించారు, అంటే సంస్థ నిర్వహణ ఎంత పటిష్ఠంగా ఉందో వాళ్ల ఎదుట మేమే స్కోర్లు వేసుకున్నాం. 1 నుంచి 4 వరకు (4 అంటే బాగున్నట్టు) ఉండే స్కేలు మీద ఆర్థిక నిర్వహణకు 2, పాలక మండలికి 2, పర్యవేక్షణకు 3 వచ్చాయి. బలోపేతానికి వేసుకున్న మా జాబితాలో ట్రైనింగులు, కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఐదేళ్ల ప్రణాళిక ఉన్నాయి. అసలు ఇబ్బందులు వేరు. రిపోర్టులు ఆలస్యమవుతాయి, ప్రతి కాగితానికీ డైరెక్టరు గారి సంతకం కావాలి, ఒక ప్రాజెక్టు విడత రాకపోతే ఇంకో ప్రాజెక్టు డబ్బుతో జీతాలిస్తాం. దేంతో మొదలుపెట్టాలి?

పద్దులపని:
మీరు చివర రాసిన దానితోనే. ఆ జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టండి.

నెలాఖరున ఒక్క పేజీ తయారుచేయండి. ప్రతి ప్రాజెక్టుకూ వచ్చిన డబ్బు, అయిన ఖర్చు, మిగులు. ఎ ప్రాజెక్టులో 500, బిలో 400, సిలో 200 మిగిలాయనుకోండి. బ్యాంకులో 1,100 ఉండాలి. ఉన్నది 900. ఆ 200 డి ప్రాజెక్టు తన విడత రాకముందే పెట్టిన ఖర్చు, అంటే మిగతా మూడింటి డబ్బు. డి దాత విడత ఆపేసినా, ఖర్చు ఒప్పుకోకపోయినా ఆ 200 తీర్చడానికి మీ దగ్గర సొంత డబ్బు లేదు. బ్యాంకు నిల్వ చూసి ‘డబ్బుంది’ అనుకునే సంస్థలు ఇక్కడే మునుగుతాయి. తప్పనిసరై వాడాల్సి వస్తే ముందు ఒప్పందం చూడండి. నిధిని మళ్లించకూడదని అందులో ఉంటే దాత లిఖిత అనుమతి కావాలి. లేకపోయినా మండలి తీర్మానం, తిరిగి జమచేసే తేదీ కాగితం మీద ఉండాలి.

ఈ లోటుకు మూలం సాధారణంగా బడ్జెట్లోనే ఉంటుంది. అద్దె, అకౌంటెంటు జీతం, ఆడిట్ ఫీజు ఏ ప్రాజెక్టులోనూ రాయరు, చివరికి ఏదో ఒకదాని మీద రుద్దుతారు. వీటిని పంచడానికి ఒకే పద్ధతి పెట్టుకోండి. జీతాలకైతే టైమ్‌షీట్లు (ఎవరు ఏ ప్రాజెక్టుకు ఎన్ని గంటలు పనిచేశారో రాసే పట్టీలు), అద్దెకైతే ఒక్కో ప్రాజెక్టులో పనిచేసే మనుషుల సంఖ్య. దాతను బట్టి పద్ధతి మారిస్తే ఆడిటరు పట్టుకుంటారు. షరతుల్లేని నిధి (ఏ ప్రాజెక్టుకూ కట్టుబడని సొంత డబ్బు) మూడు నెలల నిర్వహణ ఖర్చుకు సరిపడా ఉండాలని అంటుంటారు. మొదట ఒక నెల జీతాలకు సరిపడా పోగైనా చాలు.

రిపోర్టుల ఆలస్యానికి కారణం చాలాసార్లు బద్ధకం కాదు. మీ ఖాతా పద్దులు ఒక రకంగా, దాత బడ్జెట్ పద్దులు ఇంకో రకంగా ఉంటాయి. ప్రతిసారీ ఓచర్లన్నీ చేత్తో మళ్లీ విడదీయాలి. ప్రతి ఓచర్ మీదా ఖర్చు రకం కోడ్, ప్రాజెక్టు కోడ్ రెండూ వేయండి. ఇది కుదిరాకే సాఫ్ట్‌వేర్.

క్షేత్రంనుంచి:
పై మాటతో ఏకీభవిస్తాను గానీ, పర్యవేక్షణకు వచ్చిన 3ను నమ్మకండి. డబ్బిచ్చేవాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడు ఎవరూ తమకు తాము 1 వేసుకోరు. ఒక చిన్న పరీక్ష చేయండి. గత శిక్షణల హాజరు పట్టీల్లోంచి గుడ్డిగా 20 పేర్లు తీసి ఫోన్ చేయించండి, ఆ శిక్షణ ఇచ్చినవాళ్లతో మాత్రం కాదు. వచ్చామన్నవాళ్లు ఎందరు, ఒకే మనిషి మూడు శిక్షణలకు వచ్చి ముగ్గురిగా లెక్కకెక్కిన సందర్భాలెన్ని? ‘500 మందికి శిక్షణ’ అన్నది చాలాచోట్ల 500 హాజర్లు మాత్రమే.

సూచికలు (పని ఫలితాన్ని కొలిచే అంకెలు) ముప్పై ఉంటే ఎనిమిదికి దించండి. ఒక్కోదానికి నిర్వచనం, సేకరించేది ఎవరు, ఎప్పుడు, ఆ అంకె చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు అని రాయండి. నిర్ణయం గడి ఖాళీగా ఉంటే ఆ సూచిక కొట్టేయండి (దాత ఒప్పందంలో లేకపోతేనే). బేస్‌లైన్, అంటే మొదట్లో పరిస్థితి ఎలా ఉందో చూపే లెక్క, పని మొదలుకాకముందే తీయాలి. తర్వాత జ్ఞాపకం మీద అడిగితే వచ్చేది మర్యాదపూర్వకమైన జవాబు.

చిట్టాపుస్తకం:
సంతకాల సంగతి? అధికారం పంచితే దుర్వినియోగం అవుతుందని డైరెక్టరు గారి భయం. అకౌంట్స్‌లో ఉన్నది ఇద్దరే.

పద్దులపని:
వందల కాగితాలపై సంతకం పెట్టే మనిషి ఏదీ చదవరు, అసలు ముప్పు అదే. పరిమితులు పెట్టండి. చిన్న ఖర్చుకు ప్రాజెక్టు బాధ్యుడు, మధ్యస్థానికి డైరెక్టరు, పెద్దదానికి డైరెక్టరుతో పాటు కోశాధికారి. బడ్జెట్లో లేని ఖర్చు ఎంత చిన్నదైనా పైకి వెళ్లాలి. డైరెక్టరు సొంత ప్రయాణ బిల్లును కోశాధికారి ఆమోదించాలి, కింది ఉద్యోగి కాదు.

కోరేవారు, ఆమోదించేవారు, చెల్లించేవారు, పద్దు రాసేవారు వేరువేరుగా ఉండాలన్నది నియమం. ఇద్దరితో అది పూర్తిగా కుదరదు. కనీసం చెల్లింపు చేసినవారు బ్యాంకు స్టేట్‌మెంటును మన పద్దులతో సరిపోల్చే పని చేయకూడదు. స్టేట్‌మెంటు బ్యాంకు నుంచి నేరుగా కోశాధికారికి కూడా వెళ్లాలి. తర్వాతి నెల 10లోగా సరిపోల్చి ఇద్దరూ సంతకం చేయాలి. పాత అడ్వాన్సు లెక్క తేల్చనివారికి కొత్తది ఇవ్వొద్దు, డైరెక్టరుకైనా సరే.

మినిట్స్‌రాసేది:
మండలి గురించి రెండు ముక్కలు. కోశాధికారికి లెక్కలు చదవడం రాకపోతే పైవన్నీ కాగితానికే పరిమితం. మూడేళ్ల పదవీకాలం పెట్టి, ఏటా మూడోవంతు మంది మారేలా చూడండి, అందరూ ఒకేసారి దిగిపోతే సంస్థ సంగతులు తెలిసినవాళ్లుండరు. సమావేశానికి వారం ముందు పత్రాలు పంపండి, ఆ ఒక్క పేజీ నిధుల పట్టిక అజెండాలో మొదటి అంశంగా ఉండాలి. బంధువుల సంస్థకు కాంట్రాక్టు ఇచ్చే చర్చ వస్తే ఆ సభ్యుడు బయటికి వెళ్లారని మినిట్స్‌లో రాయండి.