పాత ఫొటో పంచుకునేవారిని ఊరూ ఏడూ అడగవచ్చునా?

రేవుగట్టు (రాజమహేంద్రవరం), చర్చను ప్రారంభించినవారు:

గోదావరి జిల్లాలలో పుట్టి పెరిగి ఇప్పుడు నాలుగు దిక్కులా స్థిరపడిన మనమందరం ప్రతి ఉదయం మన వాట్సాప్ బృందంలో పలకరించుకుంటున్నాము. ఒకరు పాత ఫొటో పెడతారు, ఇంకొకరు దాని కింద చమత్కారం విసురుతారు, మధ్యాహ్నమయ్యేసరికి అది ఎవరి చిన్ననాటి ముచ్చటగానో మారిపోతుంది. ఈ అలవాటు నాకు ఎంతో ప్రీతికరమైనది. అయితే మొన్న ఒక సభ్యులు “1960లలో మన రాజమండ్రి గోదావరి” అని రాసి ఒక నలుపు తెలుపు చిత్రం పెట్టినప్పుడు, అందులో కమానుల వంతెన స్పష్టంగా కనిపించింది. ఆ వంతెన మీద రైళ్ళు నడవడం మొదలైనది 1997లో. ఆ సంగతి మర్యాదగానే రాశాను. దానికి ఒక పెద్దాయన నొచ్చుకొని, సంతోషంగా కబుర్లు చెప్పుకునే చోట పరీక్షలు పెట్టవద్దని అన్నారు. ఆ మాటకు కొందరు మద్దతు పలికారు కూడా. అందుచేత ప్రశ్నను అందరి ముందూ ఉంచుతున్నాను. పాత ఫొటో పంచేవారిని అది ఏ ఊరిది, ఏ కాలానిది, ఎవరి దగ్గర నుండి వచ్చినది అని అడగడం న్యాయమా, కాదా?

అడగాలనే నా అభిప్రాయం. మన ప్రాంతపు ఫొటోల కాలాన్ని గుర్తించడం కష్టమైన పని కాదు, నది మీద ఉన్న కట్టడాలే ఆ సాక్ష్యం చెబుతాయి. రాజమండ్రి దగ్గర ఒక్క హేవ్‌లాక్ వంతెన మాత్రమే కనిపిస్తే ఆ చిత్రం 1900కూ 1974కూ మధ్యది అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే 1974లో రోడ్డు రైలు వంతెన వచ్చింది. కమానులు కనిపిస్తే అది ఎంత పాతబడినట్టు ఉన్నా 1990ల కంటే ముందుది కాదు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847కూ 1852కూ మధ్య కట్టించిన పాత ఆనకట్ట ఉన్నదా, లేక 1982 నాటికి పూర్తయిన బ్యారేజీ గేట్ల వరుస ఉన్నదా అని చూస్తే మరొక ఆధారం దొరుకుతుంది. ఇవాళ రంగు ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి అంచులకు పసుపు పులమడం పిల్లలకు కూడా క్షణంలో పని. కనుక రంగును చూసి వయసు నిర్ణయించే రోజులు పోయాయి. మన తరువాతి తరానికి ఈ డెల్టా ఎలా ఉండేదో చెప్పబోయేవి ఈ ఫొటోలే. వాటి మీద తప్పు సంవత్సరం ఒక్కసారి అతుక్కుంటే దానిని ఊడదీయడం మన తరం కాదు.

దూరదేశి (పాలకొల్లు, ప్రస్తుతం విదేశంలో):

రేవుగట్టు గారి పరిజ్ఞానం పట్ల నాకు గౌరవం ఉన్నది, కానీ వారి ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను. ఈ బృందం నాకు మా ఇంటి వీధి అరుగుతో సమానం. అరుగు మీద కూర్చున్న మనిషి “మా చిన్నప్పుడు” అని మొదలుపెడితే ఎవరూ సాక్ష్యం తెమ్మనరు, “ఊఁ, తరువాత?” అంటారు. ఆ “తరువాత?” అన్న మాటలోనే మనుషులు నోరు విప్పుతారు.

మీకు ఉదాహరణ చెబుతాను. కొంతకాలం క్రితం ఇదే బృందంలో ఎవరో కాలువలో వెళ్ళే పడవ బొమ్మ పెట్టారు. అది ఏ కాలువదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. దాని కింద మా పెద్దమ్మ వయసున్న ఒక సభ్యురాలు, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, తాను కాపురానికి వచ్చిన రోజున పడవను ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగారనీ, వంతెన కిందికి రాగానే తాడు విప్పి అవతలి వైపు మళ్ళీ అందుకున్నారనీ, సారెలోని అరిసెలు దారిలోనే సగం అయిపోయాయనీ రాశారు. ఆ బొమ్మ పెట్టినవారిని మొదటే “ఏ కాలువ? ఏ ఏడు?” అని నిలదీసి ఉంటే, ఆయన బొమ్మను వెనక్కు తీసుకొని ఉండేవారు, ఆమె జ్ఞాపకం ఆమెతోనే ఉండిపోయేది. బొమ్మ తప్పు కావచ్చును, కానీ అది పైకి తెచ్చిన జ్ఞాపకం నిజం. నిబంధన పెడితే మొదట మౌనం వహించేది తప్పుడు ఫొటోలు పెట్టేవారు కాదు, జంకు ఎక్కువగా ఉన్న పెద్దలు.

లంక రైతు (కోనసీమ):

దూరదేశి గారూ, మీ మాట పడవ బొమ్మకు చెల్లుతుంది. వరద బొమ్మకు మాత్రం చెల్లదని మనవి చేస్తున్నాను, ఎందుకంటే మీరు దూరాన ఉండి చూసే ఫొటోను మేము ఏటిగట్టుకు లోపలి వైపున, నదికి ఆనుకొని ఉన్న ఇళ్ళలో కూర్చుని చూస్తాము.

లంకలలో, అంటే నది మధ్య దీవులలో, ఉండేవారికి వరద అంటే ధవళేశ్వరం దగ్గర ప్రకటించే అంకెలే. 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది. మొదటి హెచ్చరిక వచ్చేసరికి మా కాజ్‌వే మీదికి నీరు వస్తుందని, పశువులను గట్టు మీదికి తోలుకోవాలని మాకు తెలుసు. రెండవదానికి గడ్డీ, ధాన్యమూ, ముసలివారూ కదలాలి. ఈ లెక్కను మా తాతల కాలం నుండి అనుభవంతో సరిచూసుకుంటూ వచ్చాము. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కుల వరకు వచ్చింది, మా వైపు పెద్ద వరద అంటే అదే. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా మా ఊళ్ళో ఇంటి పునాది మునగడానికీ, ఇంటి కప్పు మునగడానికీ మధ్య ఉన్న తేడా.

2022లో నీరు పెరుగుతున్న రాత్రి ఈ బృందంలోనే కాక ఊరిలోని ప్రతి బృందంలోనూ ఏటిగట్టు తెగిన ఫొటో ఒకటి తిరిగింది. దాని కింద “ఇప్పుడే అందినది, జాగ్రత్త” అని ఉన్నది. గట్టు తెగిందని నమ్మి మా పక్కింటి ముసలి దంపతులు చీకట్లో, వానలో, రెండు గేదెలను విప్పుకొని నడుము లోతు నీటిలో బయలుదేరబోయారు. కుర్రవాళ్ళు చూసి ఆపారు కనుక సరిపోయింది. ఆ ఫొటోలోని గట్టు ఎప్పుడో తెగినది, అక్కడ నిలబడి ఉన్నవారి దుస్తులను చూస్తేనే అది పాత వరద నాటిదని తెలుస్తుంది. దానిని మొదట పంచినవారు చెడ్డ ఉద్దేశంతో పంచి ఉండరు. ఏదో ఒక బృందంలో “ఆ రోజులు గుర్తున్నాయా” అంటూ జ్ఞాపకంగా పెట్టిన ఫొటోయే అయి ఉంటుంది. చేతులు మారేసరికి ఆ మాట రాలిపోయి, బొమ్మ ఒక్కటే మా దాకా వచ్చింది.

ఇందులో సాంకేతికమైన చిక్కు కూడా ఉన్నది. ఫోనుతో తీసిన ఫొటోలో తేదీ, లొకేషన్ ఆన్‌లో ఉంటే స్థలం కూడా లోపల నమోదై ఉంటాయి. దానిని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు తొలగిపోతాయి. ఒక సందేశాన్ని ఒకేసారి ఎన్ని చాట్‌లకు పంపవచ్చుననే దానికి 2018లో మన దేశంలో ఐదు అని పరిమితి పెట్టారు, బాగా చేతులు మారిన సందేశానికి 2020లో దానిని ఒకటికి తగ్గించారు, రెండు బాణాల గుర్తు కూడా వేస్తున్నారు. ఇవి వేగాన్ని తగ్గిస్తాయి, బొమ్మ ఏ ఏటిదో చెప్పవు. ఆ పని పంపేవారే చేయాలి.

కాకినాడ ఆడపడుచు:

మీరందరూ ఏ ఏడు, ఏ ఊరు అని వాదించుకుంటున్నారు. ఎవరిది అన్న ప్రశ్న నాది.

మా అమ్మగారి పెళ్ళినాటి ఫొటో ఒకటి మా బంధువుల బృందం నుండి బయటికి వెళ్ళి, “ఆనాటి కోనసీమ పెళ్ళికూతురు” అన్న పేరుతో మరెన్నో బృందాలు తిరిగి, చివరికి ఇక్కడికి వచ్చింది. దాని కింద ఆవిడ ముక్కుపుడక గురించీ, పక్కన బిగుసుకొని నిలబడిన మా నాన్నగారి మీసం గురించీ పరిహాసాలు రాశారు. రాసినవారికి వారు ఎవరో తెలియదు, అందువల్ల వారి మీద నాకు కోపం లేదు. అయినా మా అమ్మ ఇప్పటికీ ఫోను చూస్తుంది, ఆ పరిహాసాలన్నీ చదివింది. ఆ రోజు నుండి తన ఆల్బమ్ ఎవరికీ ఇవ్వడం లేదు. దూరదేశి గారు నిబంధన పెడితే పెద్దలు మౌనం వహిస్తారని అన్నారు, మా ఇంట్లో నిబంధన లేకపోవడం వల్లనే ఒక పెద్దావిడ మౌనం వహించింది.

చట్టం సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఫొటో స్టూడియోది అని చాలామంది అనుకుంటారు. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. 2012 సవరణ తరువాత ఆ హక్కు ఫొటో తీసినవారి జీవితకాలమూ, వారు పోయిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ళ పాటూ నిలుస్తుంది; అంతకు ముందు ఫొటో ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్ళే ఉండేది. మన బృందంలో ఎవరూ కోర్టుకు వెళ్ళబోరు, వెళ్ళాలని నేనూ కోరడం లేదు. కానీ ఆ ఫొటోకు ఒక ఇల్లు ఉన్నదని అందరూ తెలుసుకోవాలి.

హాస్యం గురించి కూడా ఒక మాట. గోదావరివారి వెటకారం మనకు పుట్టుకతో వచ్చిన సొత్తు, దానిని వదులుకోమని నేను అనను. అతిథికి “ఇంకొక్క ముద్ద” అంటూ విస్తరి నింపే మన మర్యాద మీదా, పులస చేప కోసం చేసే అప్పు మీదా ఎన్ని చమత్కారాలైనా వేసుకోవచ్చును, అవి మన అందరివీ. ఊరిలో నత్తిగా మాట్లాడే ఒక మాస్టారిని అనుకరిస్తూ పంపే ఆడియో ముక్క మాత్రం అలాంటిది కాదు, ఆయన మనుమరాలు ఇదే బృందంలో ఉన్నది.

దూరదేశి:

అమ్మా, మీ అమ్మగారి విషయంలో మీరు చెప్పినది పూర్తిగా న్యాయం. మనుషుల ముఖాలు ఉన్న ఇంటి ఫొటోలను అడగకుండా పంచరాదు. వరద కాలంలో వరద ఫొటోల గురించి లంక రైతు గారు చెప్పిన దానికీ నేను ఎదురు చెప్పను. కానీ ఈ రెండింటినీ చూపించి రేవు, పంటు (మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పడవ), సంత, తీర్థం, బడి గోడ, లస్సీ బండి ఫొటోలన్నిటికీ ఒకే నిబంధన పెట్టడం నాకు సమ్మతం కాదు. “తేదీ తెలియదు” అని రాయవలసి రావడమే చదువు తక్కువైన మనిషికి చిన్నతనంగా తోస్తుంది. ఆ చిన్నతనం మీకు కనబడకపోవచ్చును, వారికి మాత్రం తెలుస్తుంది.

విశ్రాంత మాస్టారు (అమలాపురం):

ఇంతవరకు అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. పెద్దలను సంవత్సరం అడగడం వారికి ఇబ్బంది అన్న దూరదేశి గారి మాట సరైనది. అయితే మన డెల్టాలో పెద్దలు కాలాన్ని అంకెలతో గుర్తుపెట్టుకోరు. పెద్ద వరదకు ముందా వెనకా, తుపానుకు ముందా వెనకా, ఏ పుష్కరాలలో, పంటు ఉన్నప్పుడా వంతెన వచ్చాకనా అని గుర్తుపెట్టుకుంటారు. పెద్ద వరద అంటే 1986. తుపాను అంటే 1996 నవంబరు 6. పుష్కరాలు 1979, 1991, 2003, 2015లలో వచ్చాయి, మళ్ళీ 2027లో రాబోతున్నాయి. ఎదుర్లంక నుండి యానాంకు వంతెన 2002లో వచ్చింది, కనుక ఆ రేవులో కార్లూ మనుషులూ కలిసి పంటు ఎక్కుతున్న ఫొటో అంతకు ముందుది. “ఏ సంవత్సరం?” అంటే నోరు మెదపని మా అమ్మ, “తుపానుకు ముందేనా?” అని అడిగితే, “ముందే, ఆ వెనకాల కొబ్బరిచెట్లన్నీ నిలబడే ఉన్నాయిగా” అని వెంటనే చెప్పింది. ఆ జవాబులో తేదీ ఉన్నది, అది తెలిసిన తీరూ ఉన్నది. ఇలా అడిగితే ప్రశ్న పరీక్షలా ఉండదు, మరొక జ్ఞాపకానికి దారి అవుతుంది.

ఇక పంచుకోవడం ఎందుకు అవసరమో కూడా ఆ తుపానే చెబుతుంది. 1996లో కోనసీమలో మనుషులూ, పశువులూ, తోటలూ పోయిన చోట ఫొటోల గురించి బాధపడడానికి అప్పట్లో ఎవరికీ తీరిక లేదు. తరువాత వెతుక్కుంటే ఎన్నో ఇళ్ళలో ఆల్బమ్‌లు తడిసి, ఫొటోలు అద్దానికి అంటుకొని, రంగులు కరిగి కనిపించాయి. మా కుటుంబంలో మిగిలినవి ఎప్పుడో హైదరాబాదులోని బంధువులకు పోస్టులో పంపిన నకళ్ళు మాత్రమే. ఒకే ఇంట్లో ఉన్న ఫొటో ఒకే వరదకు పోతుంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి వారి రథం దగ్ధమైనప్పుడు కూడా, ఆ రథాన్ని కళ్యాణోత్సవాలలో భక్తులు తీసుకున్న మామూలు ఫొటోలు ఒక్కసారిగా విలువైనవి అయ్యాయి. తీసిన రోజున అవి ఎవరికీ చరిత్రగా తోచలేదు. కనుక పంచండి, ధారాళంగా పంచండి. అయితే మంచి స్కాన్‌ను డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. ఫొటో వెనుక వైపును కూడా తీసి పంపండి, స్టూడియో ముద్ర, ఊరు, ఎవరో పెన్సిలుతో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి.

రేవుగట్టు:

మాస్టారు గారు చూపిన పద్ధతి నేను అడిగిన దానికంటే మేలైనది, నిబంధన అన్న మాటను నేను వదిలివేస్తున్నాను. పెట్టినవారు తెలిసినది రాయాలి, తెలియకపోతే “ఎవరైనా గుర్తుపట్టండి” అని రాయాలి, మిగిలినవారు తుపాను, పుష్కరాలు, వంతెనల లెక్కతో అడగాలి. తప్పు శీర్షికతో ఇప్పటికే ఉన్న ఫొటోలను తీసివేయమని నేను అనను. కింద దిద్దుబాటు ఉంటే చాలు, మొన్నటి కమానుల వంతెన ఫొటోతో సహా.

లంక రైతు:

రేవుగట్టు గారూ, ఆ చివరి మాట దగ్గరే నేను మీతో విడిపోతున్నాను. మీరు కింద రాసిన దిద్దుబాటు ఈ బృందంలోనే ఉండిపోతుంది, ఫొటో మాత్రం బయటికి వెళ్ళిపోతుంది. ఫొటోను మరొకరికి పంపితే దానికి అతికించిన మాట వెంట వెళ్ళవచ్చును కానీ, కింద మనం రాసుకున్న జవాబులు వెళ్ళవు. వంతెన ఫొటో ఎలాగైనా ఉండనివ్వండి, దాని వల్ల ఎవరి గేదే కొట్టుకుపోదు. వరద ఫొటోలు మాత్రం సంవత్సరం బొమ్మ మీదనే పెద్ద అక్షరాలతో రాసి ఉంటేనే ఉంచండి, లేనివాటిని ఈ జూన్ లోపల తొలగించండి. జులైలో వరదతో ఎర్ర నీరు వచ్చేస్తుంది.